మేష్టారి జవాబులు

ప్రశ్న: అంగన్‌వాడీ కార్యకర్తని. ట్రైనింగులో అమెరికా సెనేటర్ భార్య ఫీబీ హర్స్ట్ దానాల గురించి తెగ చెప్పారు. గనుల డబ్బుంది, ఇచ్చింది. అందులో గొప్పేముంది మేష్టారూ?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: డబ్బు మాట నిజమే తల్లీ. కానీ ఆవిడ 1842లో పుట్టింది మిస్సోరిలో, కొత్త నేలకి వలసొచ్చి సేద్యం చేసుకున్న వాళ్ళింట్లో. పెళ్ళికి ముందు బడిలో పాఠాలు చెప్పింది, అచ్చం నీలాగే. భర్త జార్జి 1891లో పోయాడు. ఆ ఏడే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అమ్మాయిలకి స్కాలర్‌షిప్పులు పెట్టింది. 1897లో ఆ విశ్వవిద్యాలయం పాలకమండలిలో తొలి మహిళ అయింది. ఆ ఏడాదే మరొకావిడతో కలిసి తల్లుల మహాసభ మొదలెట్టింది. ఇవాళ మనం పేరెంట్ టీచర్ మీటింగు అంటామే, అమెరికాలో దాన్ని నడిపే తల్లిదండ్రులు-టీచర్ల సంఘానికి మూలం అదే. దక్షిణ డకోటాలో తమ బంగారు గని ఉన్న లీడ్ ఊళ్ళో కార్మికుల పిల్లలకి ఉచితంగా కిండర్‌గార్టెన్ నడిపింది, గ్రంథాలయం కట్టించింది.

అయితే ఆ గని కొండలు 1868 ఒప్పందం ప్రకారం లకోటా ఆదివాసులవి. 1877లో ప్రభుత్వం లాగేసుకుంది. బాక్సైట్ గని కోసం ఆదివాసుల కొండల మీద జరిగిన నియమగిరి గొడవ పక్క జిల్లాలోనే చూసినవాళ్ళం, మనకి వేరే చెప్పాలా? ఈసారి ట్రైనింగుకెళ్తే ఈ సంగతి కూడా అడుగమ్మా.