గ్యాంట్రీ క్రేన్‌కి వైఫై తెగుతుంటే కాంతి లింక్ పనికొస్తుందా?

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో బ్లాకులు మోసే గ్యాంట్రీ క్రేన్ మీది పీఎల్‌సీకీ (క్రేన్‌ని నడిపించే కంట్రోల్ కంప్యూటర్) కంట్రోల్ రూమ్‌కీ మధ్య వైఫై మాటిమాటికీ తెగిపోతోందని, బదులుగా కాంతితో డేటా పంపే పరికరం పెట్టొచ్చా అని అడిగారు. పెట్టొచ్చు. క్రేన్ పట్టాల మీద తిన్నగా నడుస్తుంది కాబట్టి ఇది దానికి సరిగ్గా సరిపోతుంది.

క్రేన్ మీద ఒకటి, పట్టాల చివర ఒకటి, ఎదురెదురుగా రెండు యూనిట్లు బిగిస్తారు. అవి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో డేటా పంపుకుంటాయి. పక్క షెడ్డు వైఫైతో గానీ రేడియో రిమోట్లతో గానీ దానికి పోటీ ఉండదు. అయితే మోటార్ల వేగాన్ని అదుపు చేసే డ్రైవ్‌ల నాయిస్ (విద్యుత్ అలజడి) యూనిట్‌కి వెళ్లే కేబుల్లోకి ఎక్కగలదు. షీల్డ్ కేబుల్ (చుట్టూ లోహపు తొడుగున్న కేబుల్), మంచి ఎర్తింగ్ తప్పవు.

మీ దగ్గర అసలు శత్రువు రాతి దుమ్ము. కటింగ్ నీళ్లతో కలిసిన ఆ బూడిదరంగు పొర లెన్స్ మీద ఆరితే సిగ్నల్ రోజురోజుకీ తగ్గుతుంది. పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. ముందు నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవాలి. చాలా యూనిట్లలో సిగ్నల్ తగ్గగానే హెచ్చరించే అవుట్‌పుట్ ఉంటుంది. దాన్ని తప్పకుండా పీఎల్‌సీకి కలపండి, లింక్ తెగకముందే తెలుస్తుంది. పట్టాలు తూర్పు పడమరలుగా ఉంటే పొద్దున, సాయంత్రం ఎండ నేరుగా రిసీవర్లో పడకుండా చిన్న రేకు అడ్డం పెట్టించండి. క్రేన్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి నడిపి, పట్టాల అతుకుల దగ్గర ఊగినా కిరణం పక్కకు పోవడం లేదని చూసుకోవాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: లింక్ తెగితే క్రేన్ తనంతట తానే ఆగేలా టైమౌట్ పెట్టండి. కింద మనుషులు తిరుగుతుంటారు.