డర్బన్‌లో నేను విన్న కవిత్వం

“ఆఫ్రికాలో ఈ పదిహేనేళ్లుగా కవిత్వం ఇంతగా విస్తరించడానికి విదేశీ బహుమతులే కారణమా?” అన్నది ప్రశ్న. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. నేను ఆరేళ్లు ఉన్నది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో మాత్రమే కనుక, అక్కడ చూసినదే చెబుతాను. బహుమతులు పుస్తకాలను తెచ్చాయి. కవిత్వాన్ని పెంచింది మాత్రం వినడానికి వచ్చిన జనం.

అక్కడ క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయం వారు 1997 నుంచి ‘పొయెట్రీ ఆఫ్రికా’ అనే ఉత్సవం జరుపుతున్నారు. నన్ను అక్కడికి తీసుకువెళ్లినది నా సహోద్యోగి. 1860 తరువాత చెరకు తోటల పనికి ఓడలలో వచ్చిన తెలుగువారి సంతతివాడు. ఆ సాయంత్రం ఎలిజబెత్ స్నెడన్ థియేటర్‌లో కొత్త కవుల స్లామ్ పోటీ, అంటే వేదిక మీద కవితలు చెప్పి పోటీపడే కార్యక్రమం, జరుగుతోంది. ఇరవై ఏళ్లు కూడా నిండని ఒక అమ్మాయి చేతిలో కాగితం లేకుండా వచ్చి ఇంగ్లీషులో మొదలుపెట్టి, సగంలో హఠాత్తుగా అక్కడి జులూ భాషలోకి మళ్లింది. అంతవరకు నా పక్కన ఒడిలో చేతిసంచి పెట్టుకొని కదలకుండా కూర్చున్న ఒక వృద్ధురాలు ఒక్కసారిగా “ముషో!” అని కేక వేసింది. వెంటనే వెనుక వరుసల నుంచి మరో నాలుగైదు గొంతులు అదే మాట అన్నాయి. ఆ అమ్మాయి ఆగి, ఆ కేకలు సద్దుమణిగేవరకు నిలబడి, అదే పాదాన్ని మరింత గట్టిగా మళ్లీ చెప్పింది. బుర్రకథలో వంతలు అందుకున్నప్పుడు కథకుడికి వచ్చే ఊపు నాకు తెలుసు. భాష అర్థం కాకపోయినా అక్కడ జరుగుతున్నది అర్థమయింది.

విరామంలో ఆ గోగోను అడిగాను. జులూలో అమ్మమ్మ వయసువారిని గోగో అనే పిలుస్తారు. రాజులను, వీరులను పొగుడుతూ ఇంబొంగి అనే స్తోత్రకవి చెప్పే స్తోత్రాలను ఇజిబొంగో అంటారని, వినేవారు “చెప్పు, ఇంకా చెప్పు” అని ప్రోత్సహించే మాటే “ముషో” అని ఆమె వివరించింది. ఆ అమ్మాయి రాజుకు కట్టవలసిన స్తోత్రాన్ని ఇతరుల ఇళ్లలో బట్టలు ఉతికిన తన అమ్మమ్మకు కట్టిందట. “మా ఆయన ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో యూనియన్ సభల్లో ఇలాగే వినేవాళ్లం” అని కూడా అన్నది. ఆ తరువాత చదివితే తెలిసింది: డన్లప్ టైర్ల ఫ్యాక్టరీ కార్మికుడు ఆల్ఫ్రెడ్ టెంబా కబూలా 1984లో ఫొసాటు అనే కార్మిక సమాఖ్యకే ఇజిబొంగో కట్టి, వేలమంది కార్మికుల ముందు చెప్పాడు. నేటి స్లామ్ వేదిక వెనుక కవిత్వాన్ని వినే ఇంత బలమైన అలవాటు ఉన్నది.

బహుమతులను నేను తక్కువ చేయడం లేదు. 2012లో కవి క్వామే డావ్స్ అమెరికాలోని నెబ్రాస్కాలో స్థాపించిన, ఆఫ్రికా కవులకు బహుమతులిచ్చి పుస్తకాలు వేయించే ఆఫ్రికన్ పొయెట్రీ బుక్ ఫండ్ లేకపోతే, కెన్యాకు చెందిన క్లిఫ్టన్ గచాగువా వంటివారి తొలి సంపుటాలు నా వంటివాడి చేతికి వచ్చేవి కావు. లండన్‌లో రచయిత్రి బెర్నార్డిన్ ఎవరిస్టో ఆఫ్రికా కవుల కోసం నెలకొల్పిన బ్రూనెల్ బహుమతి 2013లో సొమాలీ మూలాలున్న బ్రిటిష్ కవయిత్రి వార్సన్ షైర్‌కు వచ్చాకే నేను కూడా ఆమె పేరు విన్నాను. అయితే ఆ బహుమతులకు పంపవలసినది ప్రధానంగా ఇంగ్లీషు వ్రాతప్రతి. “ముషో” అన్న కేకను కవరులో పెట్టి పంపలేము కదా. మన తెలుగు పత్రికల మీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే ఉన్నది. ఇంగ్లీషు సంకలనాల నుంచి మాత్రమే అనువదించి, కవి ఏ దేశంవాడో, ఏ భాషవాడో చెప్పకుండా కింద “ఆఫ్రికా కవిత” అని వేస్తారు. తమిళ కవిత కింద “ఆసియా కవిత” అని వేస్తే మనం ఊరుకుంటామా?

దక్షిణాఫ్రికా కవయిత్రి కొలెకా పుటుమా సంగతే చూడండి. నాటకరంగం నుంచి, వేదికల నుంచి వచ్చిన ఈమె తొలి సంపుటి ‘కలెక్టివ్ ఆమ్నీషియా’ను 2017లో ఉహ్లంగా అనే చిన్న ప్రచురణ సంస్థ వేసింది. కవిత్వం అమ్ముడుపోదని అందరూ అనే చోట అది ముద్రణ మీద ముద్రణ పొందింది. అందులోని సముద్రం గురించిన కవితను జనం ఆమె నోట ముందే విని ఉన్నారు, ఆ తరువాతే పుస్తకం కోసం వచ్చారు.

ఆ రాత్రి పోటీ ముగిశాక గోగో నేరుగా ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లి నీ పుస్తకం ఎక్కడ అమ్ముతున్నారని అడిగింది. పుస్తకం ఇంకా రాలేదని ఆ అమ్మాయి అన్నది. గోగో తన చేతిసంచి నుంచి కార్యక్రమ పత్రం తీసి, వెనుకవైపు తెల్లగా ఉన్న చోటు చూపించింది. ఆ అమ్మాయి నా సహోద్యోగి దగ్గర కలం అడిగి తీసుకొని, మెట్ల మీద కూర్చొని, కవితలోని జులూ భాగం మొత్తం వ్రాసి ఇచ్చింది.