బరంపురం నుంచి అప్పడాల పార్సిళ్లు: బల్క్ రేటు ఎవరిని అడగాలి

బల్క్ రేటు కోసం మీరు పోస్టాఫీసు కౌంటర్‌లో అడిగారు, తేడా అక్కడే ఉంది. రోజూ 40 అప్పడాల పార్సిళ్లు శ్రీకాకుళం వైపు పంపుతున్నా రేటు తగ్గించట్లేదన్నారు కదా, రేటు తగ్గించే అధికారం ఆ కౌంటర్‌కు లేదు.

1. మీ పోస్టల్ డివిజన్ సూపరింటెండెంట్ పేరున అర్జీ పెట్టండి. స్పీడ్ పోస్ట్ అయినా, మామూలు పార్సిల్ అయినా రేటు ఒప్పందం అక్కడే.

2. అందరూ వదిలేసేది ఇదే: పిన్‌కోడ్ వారీ లెక్క జోడించాలి. ఏ పిన్‌కు నెలకు ఎన్ని, ఒక్కోటి ఎంత బరువు. అట్టపెట్టెతో కలిపి తూచండి. నేను "సుమారు వెయ్యి" అని రాసిస్తే అర్జీ తిరిగొచ్చింది. మూడు నెలల రసీదులు ముందేసుకుని కూర్చుంటే ఒక సాయంత్రం పని, అంతే.

3. పక్కనే కదా అని ఇచ్ఛాపురంలో అడగొద్దు. అది తపాలా శాఖ ఆంధ్రా సర్కిల్ (రాష్ట్ర స్థాయి విభాగం), మీ బుకింగ్ ఒడిశా సర్కిల్‌లో.

4. నెలాఖరున బిల్లు కట్టే పద్ధతి కావాలంటే అదే అర్జీలో రాయండి. డిపాజిట్ గానీ బ్యాంకు గ్యారంటీ గానీ సిద్ధంగా ఉంచుకోండి.