“అయినా” అన్న ఒక్క మాట

సూర్యాపేట

బిడ్డా,

నటుడు ప్రభాకర్ రెడ్డి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పేజీ దాటలేకపోయాను. కాగితాలు అక్కడే పెట్టి బయట అరుగు మీద కూర్చున్నాను. నన్ను ఆపింది నువ్వు మెచ్చుకోలుగా రాసిన ఈ వాక్యమే: “తెలంగాణ వాడైనా ఎక్కడా యాస దొర్లకుండా స్వచ్ఛమైన తెలుగు పలికిన నటుడు డాక్టర్ ప్రభాకర్ రెడ్డి.”

ఆ “అయినా” చూశావా? ఏదో అవిటితనాన్ని దాటుకుని వచ్చినట్టుంది. మన తుంగతుర్తిలో పుట్టిన ఆయన నోట తుంగతుర్తి మాట వస్తే అది మురికా? నీ అంతట నీకు ఇలా అనిపించి ఉండదు. ఎక్కడో చదివింది చేతికి అలా వచ్చేసింది. అందుకే కోపమంతా నీ మీద కాదు. కానీ ఆ వాక్యం కొట్టెయ్యి.

ఆ రోజుల్లో సినిమా అంటే మద్రాసు. మద్రాసులో సినిమా మాట అంటే కృష్ణా, గుంటూరు మాట. మన మాట తెరమీదికి వచ్చినా, రౌడీకో, పనివాడికో, నవ్వించేవాడికో ఇచ్చేవారు. జమీందారుకు, జడ్జికి, ఊరి పెద్దకు ఇచ్చేవారు కాదు. ప్రభాకర్ రెడ్డి వేసినవి ఎక్కువగా ఆ పెద్ద వేషాలే. అంటే ఇంట్లో మాట్లాడే మాట గడప దగ్గర విడిచి, సెట్లోకి ఇంకో మాటతో వెళ్లాలి. నువ్వు రాయాల్సింది ఆ సంగతి. “స్వచ్ఛమైన” అనగానే ఆ శ్రమంతా మాయమైపోయింది.

పుట్టుక దగ్గరా తొందరపడ్డావు. “సూర్యాపేట జిల్లాలో జన్మించారు” అన్నావు. ఆయన పుట్టింది 1935లో. మన జిల్లా ఏర్పడింది 2016లో. అప్పుడు అది నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లా. ఇది తేదీల తప్పే కదా అనుకోకు. ఆయనకు పదకొండో ఏడు నుంచి పదహారో ఏడు దాకా ఈ చుట్టుపక్కల ఊళ్లలో సాయుధ పోరాటం నడిచింది. 1948లో నిజాం రాజ్యాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య నాటికి ఆయనకు పదమూడు నిండలేదు. పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునే ఊళ్లలో ఒక పిల్లవాడు పెరిగాడు. ఆయన మీద అది ఏం పని చేసిందో నాకు తెలియదు, కల్పించి రాయమనీ అనను. కానీ ఒక్క పొడి వాక్యంతో ఆ ఊరు దాటి నేరుగా ఉస్మానియా మెడికల్ కాలేజీకి వెళ్లిపోయావు. డాక్టరు చదువు ముగిసిన 1960లోనే ఆయన మొదటి సినిమా వచ్చింది. సావిత్రి నర్సుగా చేసిన ‘చివరకు మిగిలేది’, మానసిక రోగుల ఆసుపత్రి కథ. కొత్తగా పట్టా పుచ్చుకున్న డాక్టరు ఆసుపత్రి కథతో సినిమాల్లోకి రావడం నీకు ఆశ్చర్యం అనిపించలేదా? నువ్వు సినిమా పేరు, సంవత్సరం వేసి ముందుకెళ్లావు.

తర్వాత మూడు పేజీలూ సినిమాల జాబితా. నాలుగు వందల పైచిలుకు అని మూడుచోట్ల రాశావు. ఒక్క సినిమా చూసి రాయి. ‘దానవీరశూరకర్ణ’ తీసుకో, 1977. ఎన్టీఆరే కర్ణుడు, ఆయనే దుర్యోధనుడు, ఆయనే కృష్ణుడు, దర్శకుడూ ఆయనే. దుర్యోధనుడి డైలాగులు పేజీలకు పేజీలు నడుస్తుంటాయి. ఆ సినిమాలో ధర్మరాజుకు ఏం మిగులుతుంది? వినడం మిగులుతుంది. ఆ ధర్మరాజు ప్రభాకర్ రెడ్డి. సౌండ్ తీసేసి ఆయన్ని మాత్రమే చూడు. చూపు ఎటు పోతోంది, చెయ్యి ఎక్కడుంది, రెప్ప ఎప్పుడు వాలింది, రాసుకో. క్యారెక్టర్ నటుడి బతుకంతా ఎదుటివాడి మాట వినడంలోనే ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. హీరో మాటకు బరువు వచ్చేది వినేవాడి ముఖం మీదే. సొంత మాట దాచుకుని బతికినవాడు ఎదుటి మాట ఇంకా బాగా వింటాడనీ నమ్ముతాను. దీని మీద నాతో వాదించి ఓడినవాళ్లు లేరు, గెలిచినవాళ్లూ లేరు. నా నమ్మకం మాత్రం మారలేదు.

నీ వయసులో నేనొక యక్షగాన కళాకారుడి మీద వ్యాసం రాశాను. పక్క ఊరి ముసలాయన, ధర్మరాజు వేషానికి పేరు. “గడప మీద కూసున్నడు” అని నేను రాస్తే, పత్రికలో “గుమ్మమున ఆసీనుడై యుండెను” అని వచ్చింది. ఆయన అన్న మాటలన్నీ అట్లాగే మారాయి. అయినా అచ్చయిందన్న సంబరంతో పత్రిక పట్టుకుని బస్సెక్కాను. ఆయనకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. చుట్ట ఆర్పి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కదలకుండా విన్నాడు. అయిపోయాక, “గీ మాటలు ఎవరన్నరు సారూ?” అని అడిగాడు. మీరేనన్నాను. “నేనిట్ల మాట్లాడ” అని పత్రిక తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, చూరులో చెక్కాడు. మనవరాలు మంచినీళ్లు తెస్తే తాగి వచ్చేశాను. మళ్లీ ఆ ఊరికి పోవడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆ ఎడిటరుకు ఉత్తరం రాస్తే, పాఠకులకు అర్థం కావాలి కదా అని జవాబు. ఎవరి పాఠకులు? నల్లగొండలో పత్రిక కొనేవాళ్లు పాఠకులు కారా? ఇప్పటికీ నాకు ఆ మంట చల్లారలేదు.

ఇప్పుడు ఎడిటర్లు మాట మార్చరు, అడగనే అడగరు. వర్ధంతికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి, మూడు వందల పదాలు, ఒక ఫొటో అంటారు. ప్రభాకర్ రెడ్డి పోయింది 1997 నవంబరు 26న. ఆ తేదీకి అందేలా రాయాలా అని అడిగావు. వద్దు. తేదీ కోసం రాస్తే ఆ తేదీతోనే పోతుంది.

‘పండంటి కాపురం’ కథ ఆయనదేనని గుర్తు చేయడం బాగుంది. 1972లో వచ్చిన ఆ సినిమా ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. జయప్రదను పరిచయం చేసిన సంగతి అందరూ రాస్తారు, దాన్ని కుదించు. మణికొండలో సినిమా కార్మికుల చిత్రపురి కాలనీకి ఆయన పేరు పెట్టారని చివర్లో ఒక ముక్క రాశావు. అక్కడికి వెళ్లావా? లైట్లు మోసినవాళ్లు, మేకప్ చేసినవాళ్లు ఉంటారు. బోర్డు మీది పేరు గురించి వాళ్లను అడుగు. ఏ యాసలో చెప్తే ఆ యాసలోనే రాసుకో.

ఇక రెండోసారి ఎందుకు చదివానంటే, ఆరో పేజీలో ఒక వాక్యం ఉంది. మీ నాయనమ్మ టీవీ ముందు కూర్చుని, “అగో, మన డాక్టర్ సాబ్ వచ్చిండు” అని కొంగు సర్దుకునేదని రాశావు. ఇంట్లోకి పెద్దమనిషి వస్తే సర్దుకున్నట్టు. అది చదివి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. నువ్వేమో వెంటనే “ఇంతటి అభిమానం పొందిన” అని మొదలుపెట్టి మళ్లీ సినిమాల జాబితాలో పడ్డావు.

కాగితాలు పోస్టులో తిప్పి పంపుతున్నాను. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశాను. ఆమె ఇంకా ఊళ్లోనే ఉందన్నావు కదా, ఈ ఆదివారం బస్సెక్కు. ఏ సినిమా చూస్తూ అలా అన్నదో అడుగు. చిన్నప్పుడు ఏ టాకీసులో, ఎవరితో కలిసి చూసిందో అడుగు. ఆమె చెప్తున్నప్పుడు మధ్యలో మాట అందించకు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న వయసువాడు