ఆర్‌పీఎన్ 100 లోపు ఉంటే వదిలేయొచ్చా?

ఎఫ్‌ఎంఈఏలో (ఏది ఎలా ఫెయిలవ్వొచ్చో ముందే రాసుకునే షీటులో) ఆర్‌పీఎన్ అనే రిస్క్ అంకె 100 దాటిన లైన్లకే, అంటే షీటులోని వరుసలకే, యాక్షన్ తీసుకుంటున్నాం, చాలదా అని అడిగారు. చాలదు. ఆర్‌పీఎన్ అంటే మూడు రేటింగుల గుణకారం: సివియారిటీ (దెబ్బ ఎంత తీవ్రం), అక్కరెన్స్ (ఎంత తరచుగా వస్తుంది), డిటెక్షన్ (పట్టుకోవడం ఎంత కష్టం). ఈ లెక్క చూడండి.

బ్రేక్ హోస్ చివర క్రింపింగ్ (ఫిట్టింగ్‌ని నొక్కి బిగించడం) లూజు: సివియారిటీ 10, అక్కరెన్స్ 3, డిటెక్షన్ 3. గుణిస్తే 90. పక్కనున్న బ్రాకెట్ మీద పెయింట్ గీత: 3, 6, 6. అంటే 108. మీ రూలు ప్రకారం గీతకి మీటింగు పెడతారు, బ్రేకుని వదిలేస్తారు.

ఆ 1 నుంచి 10 అంకెలు కొలతలు కావు, క్లాసులో ర్యాంకుల్లాంటివి. సివియారిటీ 8 అంటే 4కి రెట్టింపు ప్రమాదమని కాదు. పైగా ఆర్‌పీఎన్ 1000 దాకా సాగే స్కేలులా కనిపిస్తుంది గానీ, మూడింటినీ ఎలా గుణించినా వచ్చే విలువలు 120 మాత్రమే.

కటాఫ్ పెట్టగానే ఇంకో రోగం మొదలవుతుంది. 7×4×4 అంటే 112. డిటెక్షన్ 3 చేస్తే 84, ఆడిట్‌కి ముందురోజు లైను మాయం! ఆర్‌పీఎన్ కాలమ్ సార్ట్ చేయండి. 84, 90, 96, 98 దగ్గర గుంపు కనిపిస్తే, డిటెక్షన్ తగ్గిన ప్రతి లైనుకీ కొత్తగా ఏ గేజ్, ఏ సెన్సర్, ఏ పోకా-యోకే (తప్పు జరగనివ్వని ఏర్పాటు) పెట్టారో అడగండి. కంటితో చూసే తనిఖీకి 3, 4 వేసేస్తుంటారు. అది 7, 8 దగ్గర ఉండాలి. తనిఖీ పెంచామని సివియారిటీ తగ్గించడం మరో తప్పు. డిజైన్ మారితే తప్ప అది కదలదు.

2019లో అమెరికా ఆటో పరిశ్రమ సంఘం ఏఐఏజీ, జర్మనీ సంఘం వీడీఏ కలిసి తెచ్చిన హ్యాండ్‌బుక్ ఆర్‌పీఎన్ తీసేసి, హై, మీడియం, లో అనే యాక్షన్ ప్రయారిటీ పట్టిక పెట్టింది. అందులో సివియారిటీదే పెద్దపీట. మేలే. కాకపోతే దొంగ రేటింగు వేస్తే అదీ దొంగ జవాబే ఇస్తుంది.

ముందుగా సివియారిటీ 9, 10 ఉన్న లైన్లని ఆర్‌పీఎన్ ఎంతున్నా విడిగా తీసి చూడండి. రేటింగులు ఎవరికి వారు కాగితం మీద రాశాకే చర్చ మొదలుపెట్టండి, లేదంటే మేనేజర్ నోటివెంట వచ్చిన అంకే అందరిదీ అవుతుంది. రెండు పాయింట్ల తేడా వస్తే సగటు తీయొద్దు. ఒకరు మన ప్రొడక్షన్ లైన్లో నష్టాన్ని, ఇంకొకరు కస్టమర్ దగ్గర నష్టాన్ని ఊహించుకుని ఉండొచ్చు, అది తేల్చండి. అక్కరెన్స్ వేసేటప్పుడు గత ఏడాది రిజెక్షన్ రిజిస్టరు పక్కన ఉండాలి.

ఇంకోటి. ఎఫ్‌ఎంఈఏ ఒక్కో ఫెయిల్యూర్‌ని విడివిడిగానే చూస్తుంది. క్రింపింగ్ డై అరిగి, అదే షిఫ్టులో గేజ్ కూడా తప్పు చూపిస్తే? ఆ రెండూ కలిసే లైను షీటులో ఎక్కడా ఉండదు. సివియారిటీ 10 లైన్లకైనా విడిగా ఫాల్ట్ ట్రీ (ఏయే కారణాలు కలిస్తే ఫెయిల్యూర్ వస్తుందో చూపే చెట్టు బొమ్మ) గీయండి.