ఎవరి నాన్న వచ్చాడు?

తమ్ముడూ,

నీ ఇంగ్లీషు కథ చదివాను. మనుషులు బాగా కుదిరారు. రెండో పేజీలో మాత్రం 'హీ' కనబడ్డప్పుడల్లా ఎవరా అని వెనక్కి వెళ్లి వెతుక్కోవాల్సి వచ్చింది.

వ్యాకరణ పుస్తకాలు సర్వనామాలను పర్సనల్, రిఫ్లెక్సివ్, రిలేటివ్, ఇండెఫినిట్ అంటూ ఏడెనిమిది రకాలు చేస్తాయి. ఆ పేర్లు పరీక్షల్లో పనికొస్తాయి. రాసేటప్పుడు చూసుకోవాల్సింది వేరే: ఈ సర్వనామం ఏ పేరుకు బదులు వచ్చింది? ఆ పేరునే ఆంటిసీడెంట్ అంటారు.

నీ వాక్యమే చూడు. 'రవి టోల్డ్ సురేశ్ దట్ హిజ్ ఫాదర్ హ్యాడ్ కమ్.' ఎవరి నాన్న? తెలుగులో 'తన నాన్న' అంటే రవి నాన్నేనని తెలిసిపోతుంది. ఇంగ్లీషులో 'తన'కైనా 'అతని'కైనా 'హిజ్' ఒక్కటే. నీ బుర్రలో 'తన' ఉంది కాబట్టి రాస్తున్నప్పుడు నీకు అనుమానం రాలేదు, చదివేవాడికి వస్తుంది. పేరు మళ్లీ రాయడానికి మొహమాటపడకు. లేదంటే రవి చేతే అనిపించు: 'మై ఫాదర్ హాజ్ కమ్.' నాకైతే ఇదే నచ్చుతుంది, కథలో ఒక గొంతు కూడా వినబడుతుంది.

'దిస్ మేడ్ హర్ యాంగ్రీ' అని ఒక పేరా మొదలుపెట్టావు. దానికి ముందు ఉత్తరం చిరిగింది, అత్త నవ్వింది, అతను చెప్పకుండా వెళ్లిపోయాడు. దేనికి కోపం? 'దిస్ లాఫ్టర్' అంటే సరిపోయేది.

'బిట్వీన్ యూ అండ్ ఐ' తప్పు. 'ఐ' అంటే పద్ధతిగా ఉంటుందనుకుని చాలామంది రాస్తారు. 'బిట్వీన్' లాంటి ప్రిపోజిషన్ తర్వాత 'మీ' రావాలి. 'మైసెల్ఫ్ కిరణ్' అని నీ పాత్ర అంటే అననీ, ఆ మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది. కథ చెప్పే నువ్వు మాత్రం అనకు. 'ఇట్స్' అంటే 'దానియొక్క' అయినప్పుడు అపాస్ట్రఫీ ఉండదు, అంతే.

'ఎవ్రీవన్ హ్యాజ్ దెయిర్ సీక్రెట్స్'లో 'దెయిర్' ఎవరో కొట్టేశారన్నావు. తిరిగి పెట్టెయ్. ఏకవచనంలో 'దే' 14వ శతాబ్దం నుంచీ వాడుకలో ఉంది. అలాంటి చోట 'హీ' రాయాలన్న పట్టు 18వ శతాబ్దపు వ్యాకరణాల్లో మొదలైంది. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో 'దే'నే ఆ ఏటి పదంగా ఎంచుకుంది. క్రియ మాత్రం నువ్వు రాసినట్టు 'హ్యాజ్' అనే ఉండాలి, 'ఎవ్రీవన్' ఏకవచనం.

ఇంకొకటి, 'హూ' ముందు కామా. 'మై బ్రదర్ హూ సింగ్స్' అంటే అన్నదమ్ముల్లో పాడేవాడు అని. 'బ్రదర్' తర్వాత కామా పెడితే ఉన్నది ఒక్కడేనని, అతను పాడతాడని. నీ కథలో అన్నలు ఇద్దరు, కామా తీసెయ్.

రెండో పేజీ ప్రింటు తీసి, ప్రతి 'హీ' నుంచి దాని పేరు దాకా పెన్సిల్‌తో గీత గియ్యి. ఏ గీతైనా రెండు పేర్ల మధ్య ఆగిపోతే ఆ వాక్యం తిరగరాసి పంపు. మూడో పేజీ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య