“గట్టిగా చెప్పు నాయనా, వినపడలే”

ప్రభుత్వ ఆసుపత్రుల్లో యువత లైంగిక ఆరోగ్య సేవలకి ప్రమాణాలేమైనా ఉన్నాయా అని అడిగారు. లేకేం, బోలెడు. 2014 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకి విడిగా క్లినిక్, కౌన్సెలరు, చెప్పింది బయటికి పొక్కదన్న హామీ, అన్నీ కాగితం మీద ఉన్నాయి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎనిమిది ప్రమాణాలు రాసింది. నన్నడిగితే ముందు ఓపీ చీటీ రాసే కిటికీని బాగుచేయండి, మిగతావి తర్వాత.

తిరుపతిలో డిగ్రీ ఫైనలియర్లో ఉండగా నాకు తొడల మధ్య దురద పట్టుకుంది. రూమ్మేట్లకి చెప్పడానికి సిగ్గు. పది రోజులు ఓర్చుకుని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి పోయాను. క్యూలో సరిగ్గా నా వెనకే మా ఊరి మామ, మోకాళ్ల నొప్పులకని వచ్చినాడు. కిటికీ అవతల ఆమె తలెత్తకుండా “ఏం సమస్య?” అంది. నసిగాను. “గట్టిగా చెప్పు నాయనా, వినపడలే.” మామ కూడా చెవి ఇటే వేశాడు. “జరం” అన్నాను. జరం మాత్రలే ఇచ్చి పంపారు.

ఇంకేం, బస్టాండు గోడ మీది పోస్టరు చూసి ‘రహస్య వ్యాధుల’ డాక్టరు దిగే లాడ్జికి పోయాను. ఆయన నా పేరు కూడా అడగలేదు. తలుపేసి, కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, 1800 రూపాయలకి లేహ్యం అంటగట్టాడు. దొంగే, కానీ మర్యాద తెలిసిన దొంగ.

చివరికి అది ఉత్త తామర. చర్మ విభాగం డాక్టరమ్మ ఇచ్చిన పూతమందుతో రెండు వారాల్లో పోయింది. ఆ గది ముందు ‘చర్మ, సుఖ వ్యాధులు’ అని బారెడు బోర్డు. ‘సుఖ’ అని పెట్టిన మహానుభావుడికి ఒక్క రాత్రి ఆ దురద వచ్చుంటే తెలిసేది.

అన్నట్టు, అప్పటికి నాకు ఇరవై. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 24 దాకా యువతే, మన పథకం మాత్రం 19కే తలుపేస్తుంది. అమ్మాయిల సంగతి ఇంకా ఘోరం. మా అక్క తెల్లబట్ట అవుతోందని పోతే, ఎన్నాళ్ల నుంచి అని అడగలేదు, “పెళ్లయిందా?” అన్నారు.

మొన్న ఆమె కొడుక్కి ఇదే దురద. తోడు పోతూ దార్లోనే నేర్పించాను: “ఏం సమస్య అంటే ఏమీ చెప్పొద్దు. స్కిన్ అని మాత్రం అను, గట్టిగా.”